నిలువెత్తు సైజు

పోయిన ఆగస్టులో, వానలు దంచి కొడుతున్న రోజుల్లో, మా బాపు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. వయసు 82. ఆపరేషన్ బాగానే జరిగింది. ఈ కథ దాని గురించి కాదు.

డిశ్చార్జి చేసిన రోజు వార్డులో ఆయమ్మ నన్ను పక్కకు పిలిచింది. పిలిచిన తీరు చూసి చాయ్ పైసల కోసమేమో అనుకున్నాను. ఆమె మాత్రం గొంతు తగ్గించి, "సారూ, డైపర్లు కొనేటప్పుడు ఎనక ప్లాస్టిక్ ఉన్నయే కొనుండ్రి. బట్ట లెక్క మెత్తగ ఉంటయి సూడు, అవి ముద్దుగనే ఉంటయి గని తెల్లారేసరికి పరుపు పిండుకోవాలె" అంది. డాక్టర్ రాసిన చీటీలో ఇంత పనికొచ్చే మాట ఒక్కటి లేదు.

హన్మకొండలో పద్దెనిమిదేళ్లుగా సైన్సు చెప్తున్న నాకు ఏ మెడికల్ షాపుకు వెళ్లినా ఒక పాత స్టూడెంట్ ఉంటాడు. ఆరోజూ ఉన్నాడు.

"నమస్తే సార్! డైపర్లా సార్? చిన్నోళ్లవా, పెద్దోళ్లవా?"

కౌంటర్ దగ్గర ఉన్న పదిమందీ నా జవాబు కోసం ఆగారు. నేను "పెద్దోళ్లవి" అనగానే పది జతల కళ్లు నా నడుము మీదికి దిగాయి. "మా బాపుకు" అని కలిపేలోపే ఆలస్యమైపోయింది.

వాడు గురుభక్తితో ప్యాకెట్‌కు న్యూస్‌పేపర్ చుట్టాడు. కానీ అది తలగడంత ప్యాకెట్. పేపర్ సగం వరకే వచ్చింది. మిగతా సగంలోంచి నెరిసిన జుట్టు దంపతులు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. డైపర్ ప్యాకెట్ మీది ముసలివాళ్లు అంత సంతోషంగా ఎందుకుంటారో నాకిప్పటికీ అర్థం కాదు. ముందు చక్రంలో గాలి లేని నా స్కూటర్ మీద వాళ్లిద్దరినీ పెట్టుకుని, చౌరస్తా నుంచి ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను.

పది పీసులు 450 రూపాయలు. రోజుకు మూడు పడతాయి. అంటే నెలకు 4,050. పైగా షాపులో ఉన్నది బట్టలాంటి రకమే.

దాన్ని బాపు చేతికిచ్చాను. మా బాపు ఆజంజాహి మిల్లు మనిషి. 1934లో నిజాం కొడుకు పేరు మీద పెట్టిన ఆ మిల్లులో బట్ట మడతపెట్టే ఖాతాలో ముప్పై ఏళ్లు చేశాడు. మిల్లు మూతపడి ఎన్నేళ్లయినా ఆయన వేళ్లకు ఇంకా రిటైర్మెంట్ రాలేదు. పెళ్లిలో ఎవరైనా పలకరిస్తే ముందు వాళ్ల చొక్కా అంచు పట్టి చూస్తాడు, తర్వాత మొహం. డైపర్‌ను కూడా వెలుతురుకు ఎత్తి పట్టి, బొటనవేలితో రుద్ది, తీర్పు చెప్పాడు.

"పడుగు లేదు, పేక లేదు. ఇదెట్ల బట్టయితదిరా?"

ఆ రాత్రి ఆయమ్మ మాటే నిజమైంది.

మర్నాడు ఆన్‌లైన్‌లో పడ్డాను. "ప్లాస్టిక్ బ్యాక్, పెద్దలకు, తక్కువ ధర" అని కొడితే మొదట వచ్చినవి వీపు ఆనించే ప్లాస్టిక్ కుర్చీలు. ఒక రకంగా నేనడిగిన మూడూ అందులో ఉన్నాయి, తప్పు పట్టలేను. తర్వాత రబ్బరు షీట్లు వచ్చాయి, మోకాలి బెల్టులు వచ్చాయి. నాలుగో పేజీలో అసలు సరుకు తగిలింది. సులువుగా ఉంటుందని యాప్ భాషను తెలుగుకు మార్చాను. "వయోజన డైపర్, శ్వాసించదగినది, అంటుకునే శైలి" అని చూపించింది. బాపుకు చదివి వినిపించాను.

"శ్వాస తీస్కుంటదా? ఇంట్ల శ్వాస తీస్కునేటోళ్లం చాలరా, నిశ్శబ్దంగ ఉండేది సూడు."

రివ్యూలు చదివాను. ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చి "చాలా మంచి ప్రొడక్ట్, ఇంకా వాడలేదు" అని రాశాడు. ఇంకొకాయన ఒకే నక్షత్రం ఇచ్చి, డెలివరీ అబ్బాయి లిఫ్టు ఎక్కకుండా కిందికి రమ్మన్నాడని రాశాడు. డైపర్ కారుతుందా లేదా అన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. రెండు గంటలు వెతికి, వెనక నిజంగా ప్లాస్టిక్ ఉందని ఫొటోలో మెరుపును బట్టి నిర్ధారించుకుని, ఆరు ప్యాకెట్ల సెట్టు ఒకటి పట్టాను. అరవై పీసులు 1,680 రూపాయలు. అంటే ఒక్కోటి 28. ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పుడు సైజు అడిగింది.

నడుము కొలత అంగుళాల్లో కావాలట. బాపు నిద్రపోతున్నాడు, కట్టు ఉన్న మనిషిని లేపి టేపు పట్టలేను. కానీ నాకు ఆయన బరువు తెలుసు. ఉజ్జాయింపుగా కాదు, కాంటా మీద తూచిన బరువు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లేముందు సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం (అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు), మొక్కు తీర్చడానికి వరంగల్‌లో బెల్లం కొట్టు దగ్గర ఆయన్ని కాంటా మీద కూర్చోబెట్టి తూచాం. 75 కిలోలు. అంత బెల్లం బస్తాలకెత్తి, బస్సులో ఒళ్లో పెట్టుకుని మోసిన వాణ్ణి, ఎలా మరిచిపోతాను?

75 కిలోల మనిషంటే నడుము ఉండకుండా ఉంటుందా? లార్జ్ అనుకున్నాను. మళ్లీ, ఒక సైజు పెద్దదైతే నయం కదా, బిగుతుగా ఉంటే ముసలాయనకు ఒరుసుకుంటుంది అని, ఎక్స్‌ఎల్ నొక్కాను. ఈ తెలివి నాకు పుట్టుకతో వచ్చింది. ఎలాగో తర్వాత చెప్తాను.

నాలుగో రోజు డెలివరీ అబ్బాయి వడ్డేపల్లి చెరువు కట్ట మీద నుంచి ఫోన్ చేశాడు. దారి చెప్పాను. వీధి మొదట్లోనే బండి ఆపి, "అన్నా, డైపర్లు ఎవలయి?" అని ఒక కేక పెట్టాడు. ఎదురింటి పెద్దమ్మ బయటికొచ్చి మా ఆవిడను నిండా చూసి, "చెప్పనే లేదు గదనే! ఎన్నో నెల?" అంది. మా ఆవిడ ఆరోజు నాకు అన్నం పెట్టింది గానీ కూర వడ్డించలేదు.

డబ్బా విప్పాం. ఒకటి బయటికి తీసి మంచం మీద పరిచాను. పరుస్తూనే ఉన్నాను. అది విచ్చుకుంటూనే ఉంది. బాపు నడుముకు చుడితే కుడివైపు టేపు వెనక్కి తిరిగి ఎడమవైపు టేపును పలకరించి వచ్చింది. నడుము దగ్గర పిడికిలి పట్టేంత ఖాళీ.

బాపు తన వైపు తాను చూసుకున్నాడు. నా వైపు చూశాడు.

"అయిదో తరగతిల నీకు కుట్టిచ్చిన నిక్కరు యాదికున్నదారా?"

ఎందుకుండదు? ఎదిగే పిల్లాడని రెండు సైజులు పెద్దది కుట్టించాడు. మొలతాడు దాటించి మడతపెట్టి, ఎనిమిదో తరగతి దాకా తొడిగించాడు. బడి మొత్తం నన్ను గుడారం అని పిలిచింది.

"ముప్పై అయిదేండ్లు ఆగి పగ తీర్చుకున్నవు."

"అది కాదు బాపూ, జాతరల నీ బరువు 75..."

వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా వచ్చింది. "అప్పుడు చిన్నోడు మామయ్య ఒళ్లో కూర్చున్నాడు కదండీ. దిగమంటే ఏడుస్తున్నాడని అట్లనే తూచారు."

అవును. పద్దెనిమిది కిలోల చిన్నోడు. మా బాపు 57 కిలోల మనిషి. ఏడాదిన్నరగా నేను తలకెక్కించుకున్న లెక్కలో మా చిన్న కొడుకున్నాడు.

"గప్పుడే చెప్పద్దా బాపూ?"

"అమ్మలకు పద్దెనిమిది కిలోలు ఎక్కువ పోతే ఏమాయె?"

వాపసు ఇద్దామని చూస్తే, ఈ వస్తువు వాపసు తీసుకోబడదు అని ఎర్రక్షరాల్లో ఉంది. న్యాయమే, నేనైనా తీసుకోను. మీడియం మళ్లీ ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా నాలుగు రోజులు ఎక్స్‌ఎల్‌తోనే నెట్టుకురావాలి. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ప్లాస్టిక్ రకానికి ఉండే టేపుకు కాస్త పౌడరో కొబ్బరినూనో తగిలితే ఇక అంటుకోదు. మా ఆవిడ ఒరుపు రాకుండా నడుముకు శ్రద్ధగా కొబ్బరినూనె రాసింది. చివరికి పార్శిల్ టేపుతో చుట్టాల్సొచ్చింది. "ఎక్కడికి పంపిస్తున్నర్రా నన్ను?" అన్నాడు బాపు.

ఆ నాలుగు రోజుల్లో ఆయన ఒక డైపర్‌ను పరీక్షకు తీసుకున్నాడు. కత్తెరతో కోసి, లోపలి దూదిలాంటిది విదిలించి, పంచదారలాంటి పొడి దొరికితే నన్ను పిలిచాడు. క్లాసు చెప్పే అవకాశం వచ్చింది కదా అని ఉత్సాహంగా కూర్చున్నాను. సోడియం పాలీఅక్రిలేట్ అన్నాను. స్వచ్ఛమైన నీళ్లైతే తన బరువుకు వందల రెట్లు తాగి జెల్లీ అయిపోతుంది, ఉప్పు కలిసిందా, పదుల రెట్లకు పడిపోతుంది, మూత్రంలో ఉప్పుంటుంది కాబట్టి నువ్వు గ్లాసుతో నీళ్లు పోసి చూస్తే అసలు సంగతి తెలియదు అన్నాను. బాపు శ్రద్ధగా విన్నాడు.

"మరి నాకు బీపీ అని రెండేండ్ల సంది ఉప్పు లేని కూర పెడుతున్నరు గద. నాకు ఇంకో నాలుగు రెట్లు ఎక్కువ తాగాలె ఇది."

పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఇలాంటి డౌట్ ఏ పిల్లాడూ అడగలేదు.

మీడియం వచ్చింది, సరిపోయింది, పరుపు పొడిగా ఉంది. ఒకటే బాధ, చప్పుడు. బాపు అటు తిరిగినా ఇటు తిరిగినా గరగరమంటుంది. రాత్రి పదకొండింటికి మా చిన్నోడు చీకట్లో వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"తాతా, ఒక్కటే ఇయ్యి."

"ఏందిరా?"

"చిప్స్. ప్యాకెట్ ఇప్పుతున్నవు గద, నాకు ఇనవడ్డది."

2025 సెప్టెంబర్ 22న డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అప్పటికి బాపు వాకర్ పట్టుకుని బాత్రూం దాకా నడుస్తున్నాడు. నా కొనుగోళ్లన్నీ 12 శాతంలోనే ముగిశాయి. మిగిలిన ఎక్స్‌ఎల్ ప్యాకెట్లు తీసుకెళ్లి ఆయమ్మకే ఇచ్చాను. వెనక ప్లాస్టిక్ చూసి మెచ్చుకుంది. సైజు చూసి, "గింత పెద్దయి ఎవలికి తెచ్చినవు సారూ?" అంది. చెప్పలేదు.

ఈ జనవరిలో మళ్లీ జాతర వచ్చింది. కాలు బాగైతే ఇంకోసారి నిలువెత్తు బంగారం ఇస్తానని బాపు ఆసుపత్రి మంచం మీదే మొక్కుకున్నాడట. అదే బెల్లం కొట్టు, అదే కాంటా. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. చిన్నోడు అలవాటుగా తాత ఒళ్లోకి ఎక్కబోయాడు.

"దిగురా" అన్నాను. "ఈసారన్నా అసలు బరువు ఎంతనో చూద్దాం."

బాపు వాణ్ణి చంకల కింద పట్టి పైకి లాక్కున్నాడు.

"ఎందుకురా? ఇప్పుడు మనకు సైజుతోని పనిలేదు గద."