పీకిన గుర్రపుడెక్క మళ్లీ ఎందుకొస్తోంది?

బడుల్లో పర్యావరణం ప్రాజెక్టుకి మార్కులేసే టైం వచ్చిందంటే మా ఒడిశా వైపు పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా ఒకటే తంతు. థర్మకోల్ మీద ఓ భూగోళం అతికిస్తారు, పక్కన ‘చెట్లు నాటుదాం’ అని రాస్తారు. వారం తిరక్కుండా ఆ థర్మకోల్ వెళ్లి కాలవలో పడుతుంది, అది వేరే సంగతి.

మేం అడిగేది చిన్నదే. పిల్లలకి ఊరి చెరువొకటి అప్పగించండి, ఏడాది పొడుగునా. ఇళ్ల మురుగు అందులోకి వస్తుంది, దాంట్లోని నత్రజని, భాస్వరం తిని గుర్రపుడెక్క (నీటి మీద తేలే కలుపు మొక్క) బలుస్తుంది, అన్నీ కుదిరితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నీళ్లని ఆకు కప్పేశాక ఎండ దిగదు, ఆక్సిజన్ తగ్గి చేపలు తేలతాయి. చేప లేని చెరువుకి వల వేసేవాళ్లు రారు, వాళ్లు రాకపోతే అడిగే నాథుడుండడు, అడిగేవాడు లేడని తెలిశాక ఇంకో మురుగుకాలవ వచ్చి కలుస్తుంది. పోనీ అంతా పీకి గట్టున పోస్తే, కుళ్లిన సారం మొదటి వానకే మళ్లీ నీళ్లలోకి! ఏడో తరగతి పిల్ల ఇదంతా బాణం గుర్తులతో గీస్తూపోతే చివరి బాణం వచ్చి మొదటిదానికే తగులుతుంది. సిస్టమ్స్ థింకింగ్ అంటే ఇదే. 1950ల్లో అమెరికాలోని ఎంఐటీ అనే విద్యాసంస్థలో జే ఫారెస్టర్ అనే ఇంజనీరు ఫ్యాక్టరీల ఒడిదుడుకులు చూస్తూ ఇలాంటి చుట్లని లెక్కగట్టడం మొదలుపెట్టారు. పిల్లలకి ఆ పేర్లన్నీ తర్వాత చెప్పొచ్చు.

చెరువయ్యాక కొండ. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి జనం పోయారు. పోడు (కొండ మీద చెట్లు కొట్టి, కాల్చి చేసే సాగు) వల్లే అని పట్నం పిల్లాడు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఒకప్పుడు పోడు కొట్టిన కొండని ఏళ్ల తరబడి వదిలేసేవాళ్లు, భూమి చాలక ఆ గడువు తగ్గింది, ఎందుకు చాలలేదో ఆ కొండల్లో ఉండే సవర గిరిజన తాతల్నే అడగాలి. ఇక్కడి పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకున్నారు కదా, మన పిల్లలు నాలుగు ప్రశ్నలైనా నేర్చుకోలేరా?

టైం లేదంటారు అయ్యవార్లు. 6 నుంచి 8 తరగతులకి 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా చదువు చెప్పమని 2020 జాతీయ విద్యావిధానమే అంది. ఆ పదీ ఒక్క విహారయాత్రకి ఊడ్చెయ్యకుండా నెలకోరోజు గట్టు మీదికి తీసుకెళ్లండి (నీళ్లలోకి మాత్రం దింపొద్దు). పోయిన నెల వేసిన బాణం తప్పని ఈ నెల తనే చెరిపేసుకున్న పిల్లకి రెండు మార్కులు ఎక్కువెయ్యండి. అందుకే ఆ చార్టు స్కెచ్‌పెన్నుతో వద్దు, పెన్సిల్‌తో గీయించండి.