మహారాజశ్రీ బిగుతు గారికి

అయ్యా,

ఒంగోలు నుంచి ఒక మోటార్‌సైకిల్ యజమాని నమస్కరించి వ్రాయునది. మా వీధిలో మీకు ఏ లోటూ లేదు. పక్కింటి బాబాయి గారి నోటిలో, మలుపు దగ్గర మెకానిక్ చేతిలో, మా బావమరిది సలహాల్లో మీరు క్షేమంగా ఉన్నారు. ఆదివారం పొద్దున నేను బండికి సెంటర్ స్టాండు వేసి, చైను సరిచేద్దామని పానా బయటికి తీస్తే చాలు, మీ భక్తులు కాఫీ గ్లాసులతో సహా ప్రహరీ దగ్గర చేరతారు. "ఇంకో చుట్టు బిగించు" అన్నది వారి ఏకవాక్య శాస్త్రం. ఎంతవరకని అడిగితే, మీటితే మోగాలంటారు. చైనును వీణ అనుకుంటున్నారో ఏమో!

మీ పేరుప్రతిష్ఠలకు కారణం లేకపోలేదు. వదులు చైనుకు నోరుంది. గుంత దాటిన ప్రతిసారీ కవరును కొట్టి వీధికంతా వినిపిస్తుంది. మరీ వదిలేస్తే పళ్ల మీద నుంచి జారి నడిరోడ్డులో పరువు తీస్తుంది. మీరు వేంచేయగానే బండి నోరు మూస్తుంది, మెకానిక్‌కు డబ్బు, యజమానికి నెమ్మది. మీరు అతిగా లాగి అరగదీసే పనేమో లోపలెక్కడో గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగులో, వెనక చక్రం బేరింగులో జరుగుతుంది. అది బయటపడే నాటికి "ఈ కాలం బేరింగుల్లో నాణ్యత లేదు" అని తీర్పు వెలువడుతుంది. మిమ్మల్ని అనుమానించినవాడు లేడు. ఏర్పాటు బ్రహ్మాండంగా ఉంది.

చిక్కేమిటంటే, బండి బతుకు స్టాండు మీద గడవదు. ట్యాంకు మీద పిల్లవాడు, వెనక పెద్దావిడ, మధ్యలో బియ్యం మూట ఎక్కాక షాక్‌అబ్జార్బర్లు కుంగుతాయి, వెనక చక్రాన్ని పట్టుకున్న స్వింగ్ ఆర్మ్ పైకి లేస్తుంది. ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం), ఆర్మ్ కీలు, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చిన క్షణంలో రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువ. ఆ క్షణానికి సరిపోవాలంటే చైను మామూలప్పుడు కాస్త వేలాడాల్సిందే. కింది వరుస మధ్యలో వేలితో ఎత్తితే చిన్న బండ్లలో చాలావాటికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల వరకు ఆడాలి. ఏ బండికి ఎంతో, స్టాండు మీద కొలవాలో నేల మీద కొలవాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం మన ఇళ్లలో పట్టుచీరల కింద భద్రంగా ఉంటుంది. దాన్ని చదివి నలిపేవారెవరూ లేరు కనుక మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

పైగా మా జిల్లాలో మీకు చీమకుర్తి రోడ్డు ఉంది. గ్రానైట్ లారీల వెనక తిరిగే బండి చైను మీద నూనె, రాతిపొడి కలిసి సానపట్టే ముద్దగా మారతాయి. జనం చైను సాగిందంటారు. నిజానికి లోపలి పిన్నులూ, వాటి చుట్టూ ఉండే బుష్షులూ అరిగి ఒక్కో లింకూ పిసరంత పొడవవుతుంది. అన్నీ సమానంగా అరగవు కాబట్టి, చక్రం తిప్పుతూ చూస్తే ఒకచోట వేలాడుతుంది, మరోచోట బిగుసుకుంటుంది. మీ భక్తుడు వేలాడే చోట చెయ్యి పెట్టి చూసి పానా అందుకుంటాడు. బిగుసుకున్న చోట కొలవాలయ్యా అంటే, చదువుకున్నవాళ్లతో ఇదే తంటా అన్నట్టు చూస్తాడు. స్ప్రాకెట్ పళ్లు కొక్కేలుగా వంగిపోయినా సరే, చైనూ రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చే ఖర్చును మీ పేరు చెప్పి వచ్చే సంక్రాంతికి వాయిదా వేస్తాడు.

1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ బుష్ రోలర్ చైనుకు రూపమిచ్చినప్పుడు, ప్రతి లింకూ తన పిన్ను చుట్టూ హాయిగా తిరగాలనే ఆ అమరికంతా. అలా తిరగాలంటే ఇంజన్ ఆపి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, 90 నంబరు గేర్ ఆయిల్ పూయాలి. అదంతా గోళ్ల నిండా మసి అంటుకునే పని. మీదేమో పానాతో రెండు చుట్లు, చేతులు దులుపుకోవడం. మీకూ ఆ నూనె పనికీ మధ్య ఎన్నిక పెడితే ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు.

అలాగని మీ పొట్ట కొట్టను. వెనక చక్రాన్ని జరిపే రెండు వైపుల అడ్జస్టర్లనూ సమానంగా తిప్పి, వాటి దగ్గరి గీతలు సరిచూసుకున్నాక, యాక్సిల్ (ఇరుసు) నట్టు దగ్గర మీకు శాశ్వత ఉద్యోగం ఇస్తున్నాను. పుస్తకం చెప్పినంత బలంగా అక్కడ కూర్చోండి. తర్వాత చైనును మరోసారి కొలుస్తాను, ఏమీ అనుకోకండి. ఆ నట్టు బిగిసేటప్పుడే మీరు పక్కకు జరిగి చైనులో దూరే అలవాటు మీకుంది.

ఇట్లు,
వేలెడంత వదులు కోరే
మీ విధేయుడు

తా.క.: చక్రం వెనక్కి జరిపిన సందడిలో మీరు డ్రమ్ బ్రేకు రాడ్డు దగ్గరా కాపురం పెట్టారు. పెడల్‌లో ఆట తగ్గి, తొక్కకుండానే బ్రేకు రాసుకుంటోంది. ఆ నట్టు కూడా వదులు చేశాను. బాబాయి గారు ప్రహరీ మీద నుంచి చూస్తూనే ఉన్నారు, కాబట్టి సాయంత్రానికి మీకు కబురు అందుతుంది.