చేతికి కూడా ఒక స్విచ్ ఉండాలి

శుక్లాల ఆపరేషన్‌ను ఇప్పటికీ చేత్తోనే చేస్తున్న కంటి వైద్యుల మీద ప్రభుత్వం ఇకనైనా ఒక విచారణ సంఘం వేయాలి. వీరు నెలవంక ఆకారపు చిన్న బ్లేడుతో తెల్లగుడ్డు పొరల మధ్య ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పున సొరంగం తొలిచి, ముదిరిన శుక్లాన్ని ముక్కలు చేయకుండానే బయటికి జార్చి, కృత్రిమ కటకాన్ని అమర్చి, ఒక్క కుట్టైనా వేయకుండా రోగిని పంపేస్తున్నారు. కంటి లోపలి ఒత్తిడికి గాయం తానే మూసుకునేలా కోయడం వీరి నేర్పు. దానికి కరెంటు అక్కర్లేదు, ఏటేటా నిర్వహణ ఒప్పందం అక్కర్లేదు. మంత్రిగారిని పిలిచి రిబ్బను కత్తిరింపజేయడానికి అందులో ఏముందని?

కాఠ్‌మాండూలోని తిలగంగ కంటి ఆసుపత్రికి చెందిన సందుక్ రూయిత్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం మరీ బాధ్యతారహితం. 108 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు, శుక్లాన్ని అతిధ్వని తరంగాలతో ముక్కలు చేసి పీల్చేసే ఫాకో యంత్రంతో, అదీ ఆ విద్యలో పేరుమోసిన అమెరికన్ సర్జన్ చేత, రెండో జట్టుకు చేత్తో ఆపరేషన్ చేయించారు. ఆరు నెలల తర్వాత రెండు జట్లలోనూ నూటికి 98 మందికి అద్దాలతో మంచి చూపు ఉంది. చేతికి పట్టిన సమయం సగటున 9 నిమిషాలు, యంత్రానికి పదిహేనున్నర. ఖర్చు చేతికి సుమారు 15 డాలర్లు, యంత్రానికి 70. ఫాకో కోత చిన్నది, మెత్తని శుక్లానికి అది మేలైనదే, కాదనను. అయితే శిబిరాలకు వచ్చే రాయిలాంటి శుక్లాలకు ఆ మర్యాదలు తెలియవు.

101 యంత్రాలను, అంటే శస్త్రచికిత్స పనిముట్లను, లెక్కపెట్టిన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు వాటిలో ప్రధానమైనది చేయేనని తేల్చి, కోత నేర్చుకోవడానికి శిష్యుల చేతికి సొరకాయలిచ్చాడు. నేడు సొరకాయలు కోసే బాధ్యతను ప్రకటనల విభాగాలు స్వీకరించాయి.

ఇక లేజర్ సంగతి. అది గాట్లు పెట్టి, కటకాన్ని చీల్చి తప్పుకుంటే, ముక్కలను పీల్చడానికి మళ్లీ ఫాకో కావాలి, ఫాకోను నడపడానికి మళ్లీ అదే చేయి కావాలి. ఫ్రాన్స్‌లోని ఐదు విశ్వవిద్యాలయ ఆసుపత్రులు ఈ లేజర్‌ను మామూలు ఫాకోతో పోల్చి, ఖర్చు పెరిగిందే తప్ప ఫలితం మెరుగుపడలేదని 2020లో ప్రకటించాయి. ఆ పరీక్షలో ఎవరికి ఏది చేశారో రోగులకు తెలియకూడదని, ఫాకో జట్టుకు కూడా లేజర్ చేస్తున్నట్టు ఉత్తుత్తి తతంగం నడిపారు.

పరిష్కారం అక్కడే దొరికింది. చేత్తో ఆపరేషన్ చేసే ప్రతి బల్ల పక్కన నీలంగా వెలుగుతూ, అప్పుడప్పుడు కూతపెట్టే ఖాళీ పెట్టె ఒకటి పెట్టించి, బిల్లులో దానికి విడిగా ఒక పద్దు రాయాలి. "లేజరేనా డాక్టరుగారూ?" అని అడిగే అల్లుడుగారికి ఆ పెట్టెను చూపిస్తే చాలు.