సవరణ: హెచ్‌ఓ, ఓఓ ఒకే స్కేలు కావు

మోడల్ రైల్వే కొలతల గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో, హెచ్‌ఓ (HO), ఓఓ (OO) అనే మోడల్ రైళ్ల రకాలు రెండూ 16.5 మిల్లీమీటర్ల ట్రాక్ మీదే నడుస్తాయి కాబట్టి రెండింటికీ 1:87 లెక్కే సరిపోతుందని రాశాను. అది తప్పు. రెండు పట్టాల మధ్య దూరం గేజ్. అసలు వస్తువును ఎన్నో వంతుకు తగ్గించామన్నది స్కేలు. గేజ్ ఒకటైనంత మాత్రాన స్కేలు ఒకటి కాదు.

హెచ్‌ఓ 1:87, ఓఓ 1:76.2. అసలు పొడవు 20 మీటర్లున్న బోగీ హెచ్‌ఓలో సుమారు 230 మిల్లీమీటర్లు, ఓఓలో 262. నా పాత 1:87 లెక్క ప్రకారం ఓఓ రైలుకు ప్లాట్‌ఫారం కోస్తే, ఎనిమిది బోగీల్లో దాదాపు ఒక బోగీ మొత్తం బయటే ఉండిపోతుంది. ఇప్పటికే అలా కోసినవాళ్లు ఉంటే, మీ శ్రమ వృథా చేసినందుకు నిజంగా క్షమించండి.

అసలు ఓఓకి ఆ ట్రాక్ ఇరుకే. అసలు రైళ్ల స్టాండర్డ్ గేజ్ 1435 మిల్లీమీటర్లను 76.2తో భాగిస్తే 18.83 వస్తుంది, ట్రాక్ మాత్రం 16.5. అందుకే ట్రాక్ వెడల్పు కొలిచి స్కేలు ఊహించకండి, పెట్టె మీద రాసిన నిష్పత్తి చూడండి. ఇంకా చిన్నదైన ఎన్ (N) స్కేలుకూ ఇదే వర్తిస్తుంది: ట్రాక్ 9 మిల్లీమీటర్లే అయినా, సాధారణంగా 1:160, బ్రిటిష్ మోడళ్లు 1:148.