మహారాజశ్రీ 20.8 గారి సముఖానికి

మహారాజశ్రీ లీటరుకు 20.8 కిలోమీటర్లు గారికి, హైదరాబాదు నుంచి ఒక కారు యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉత్తరాన్ని ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి ఆచారం. మొదటి మాటే అబద్ధం కాకూడదని అందులో సగమే రాస్తున్నాను: తమరు కుశలమే. 2021లో నేను కారు కొన్ననాడు బ్రోచరులో, కొండమలుపు తిరుగుతున్న ఎర్రకారు బొమ్మ కింద ఎలా వెలిగిపోయారో ఇప్పటికీ అలాగే ఉన్నారు; ఇన్నేళ్లలో తమ దశాంశం కూడా చెక్కుచెదరలేదు. నా బండి సంగతే వేరు. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది గాని, లోపల ట్యాంకు ఎప్పుడు చూసినా కరి మింగిన వెలగపండే.

తమ వంశవృత్తాంతం విచారించాను. తమలాంటి అంకెలు పుట్టేది రోడ్డు మీద కాదట. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ లాంటి పరీక్షా సంస్థలో, 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచిన గదిలో, కారును రోలర్ల మీదికి ఎక్కించి, 1180 సెకన్లపాటు ఒక పట్టిక ప్రకారం నడుపుతారట. ఎప్పుడు గేరు మార్చాలో, ఎప్పుడు ఆగాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. గరిష్ఠ వేగం 90. ఏసీ వేయరు. అంతా కలిపి పదిన్నర కిలోమీటర్ల పైచిలుకు సాగే ఆ ప్రయాణంలో కారు ఒక్క అడుగు కూడా ముందుకు కదలదు. ఖర్చయిన పెట్రోలును నేరుగా కొలవరు. పొగను సంచుల్లోకి పట్టి, అందులోని కర్బనాన్ని లెక్కగట్టి ఎంత ఇంధనం మండిందో తేలుస్తారు. లెక్కలో తప్పేమీ లేదు. తమరు అబద్ధం ఆడలేదని నేనూ ఒప్పుకుంటాను. తమరు పుట్టిన గదిలో కూకట్‌పల్లి లేదు, అంతే.

తమ తమ్ముడొకడు నా డ్యాష్‌బోర్డులో కాపురముంటాడు. సగటు 14.6 అని పచ్చరంగులో చెప్పి నన్ను ఊరడిస్తూ ఉండేవాడు. ఒక ఆదివారం ఓపిక తెచ్చుకుని, నాజిల్ దానంతట అది ఆగేవరకు ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, 412 కిలోమీటర్లు తిరిగిన తరువాత అదే బంకులో అదే నాజిల్‌తో మళ్లీ నింపించాను. పట్టినది 31.7 లీటర్లు. భాగిస్తే 13. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి అంచనా కట్టే తమ్ముడి మాటకన్నా బంకు బిల్లు మాటే నమ్మదగినదని ఆనాడే తెలిసింది.

వెంటనే సర్వీసు సెంటరుకు వెళ్లాను. మైలేజీ అన్న మాట నా నోట వినగానే అక్కడి అడ్వైజరు ముఖం పెళ్లిసంబంధం కుదిరినంతగా వికసించింది. ఇంజన్ డికార్బనైజేషన్, ఇంజెక్టర్ క్లీనింగ్, కొత్త ఎయిర్ ఫిల్టరు అంటూ జాబ్ కార్డు నింపుతూ పోయాడు. అన్నిటికీ తలూపాను. తరువాత తెలిసినదేమిటంటే, ఫిల్టరు మూసుకుపోతే పెట్రోలు ఎక్కువ తాగడమనేది కార్బురేటర్ల కాలపు కథ. ఇప్పటి ఇంజన్లలో లోపలికి వచ్చే గాలిని సెన్సర్లు కనిపెట్టి పెట్రోలునూ ఆ మేరకే వదులుతాయి కాబట్టి, మురికి ఫిల్టరు వల్ల దెబ్బతినేది ప్రధానంగా పికప్పే. ఫిల్టరు మార్చడం మంచిదే. మైలేజీ కోసమని మార్చడమే నా అమాయకత్వం. ఆ బిల్లుతో రెండుసార్లు ట్యాంకు నిండేది. మైలేజీ మాత్రం 13 దగ్గరే బాసింపట్టు వేసుకు కూర్చుంది.

అసలు రోగం పట్టినవాడు మా వీధి చివర పంక్చర్లు వేసే పెద్దాయన. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద టైర్లకు 33 పాయింట్ల గాలి ఉండాలని రాసి ఉంది. ఆయన గేజి పెట్టి చూస్తే ముందు ఎడమ టైరులో 24, మిగిలిన వాటిలో 26. నేను ఇన్నాళ్లూ టైరును కాలితో తన్ని బాగుందనుకునేవాణ్ణి. గాలి తగ్గిన టైరు దొర్లినప్పుడల్లా నలుగుతుంది, నలిగినప్పుడల్లా వేడెక్కుతుంది, ఆ వేడి నా పెట్రోలే. ఆయన అంతటితో ఆగలేదు. బ్రేకు ఎక్కువగా తొక్కకుండా ఒక చుట్టు తిరిగి రమ్మని, వచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆన్చకుండా వేడి చూశాడు. ఎడమ ముందు చక్రం మిగిలిన మూడింటికన్నా బాగా కాగుతోంది. చదునైన చోట న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు దించి తోయించి చూస్తే, ఒక్క మనిషికి కదలవలసిన బండికి ఇద్దరం కావలసివచ్చింది. చక్రంతో తిరిగే డిస్కును ప్యాడ్లతో నొక్కిపట్టే బ్రేకు క్యాలిపర్ పిన్నులు ఎండిపోయి, ప్యాడ్లు ఆ డిస్కును వదలడం లేదట. ఎన్ని నెలలుగానో ఒక కాలు బ్రేకు మీద పెట్టుకునే నడిపానన్నమాట. పిన్నులు శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజు పూసినందుకు ఆయన అడిగినది జాబ్ కార్డులోని జీఎస్టీ పాటి కూడా లేదు. తరువాతి ట్యాంకు 447 కిలోమీటర్లకు 29.2 లీటర్లు, అంటే 15.3.

మిగిలిన అయిదున్నర కోసం మా తోడల్లుడిగారిని ఆశ్రయించాను. ఆయన తన కారు 22 ఇస్తుందని చెప్పుకునే మనిషి. పల్లం కనిపిస్తే న్యూట్రల్ వేయమన్నారు. ఫ్లైఓవరు దిగేటప్పుడల్లా భక్తిగా వేశాను. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయని, న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు కాలుతూనే ఉంటుందని, పైగా ఇంజను పట్టు లేక భారమంతా బ్రేకుల మీదే పడుతుందని తరువాత తెలిసింది. ఆయన 22 తమ తమ్ముడి లాంటివాడెవడో చెప్పిన అంకె అయి ఉంటుంది.

ఇక ఒప్పుకోక తప్పనివి కొన్ని ఉన్నాయి. కిలోమీటరున్నర దూరంలోని కూరల దుకాణానికి నేను కారులోనే వెళతాను. ఇంజను వేడెక్కేలోపు ప్రయాణం అయిపోతుంది, చల్లటి ఇంజను ఆ కాసేపూ పెట్రోలు పాలు ఎక్కువైన చిక్కటి మిశ్రమమే తాగుతుంది. ఔటర్ రింగు రోడ్డు మీద 2023లో వేగపరిమితిని 120కి పెంచినప్పుడు దాన్ని ప్రభుత్వ ఆజ్ఞగా స్వీకరించి, ఏ రోజూ ధిక్కరించలేదు. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుందని బడిలో చదివిన విషయం అక్కడ గుర్తుకు రాదు. సంక్రాంతికి విజయవాడ బయలుదేరి పంతంగి టోలు దగ్గర ఏసీ వేసుకుని నిలబడితే, గంటకు లీటరుకు దగ్గరగా కాలుస్తూ నేను సాధించే మైలేజీ సున్నా. ఆ సున్నా కూడా సగటులో కలుస్తుంది. దీనికి తోడు ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ కనుక, లీటరు డబ్బు కట్టి ఆరేడు శాతం తక్కువ శక్తి ఇంటికి తెచ్చుకుంటున్నాను. ఈ ఒక్క దానికి మాత్రం నేను బాధ్యుణ్ణి కాను.

కూరలకు నడిచి వెళ్తూ, ఔటర్ మీద 90 దాటకుండా, వెనుక లారీల హారన్లు భరిస్తూ ఒక నెల గడిపాను. 459 కిలోమీటర్లకు 28 లీటర్లు. 16.4 వచ్చింది. ఇంతకు మించి రావాలంటే నేను ఏసీ మాని, కారును రోలర్ల మీద కట్టేసి, పుణెకు మకాం మార్చవలసిందే.

మొన్న శుభకార్యంలో తోడల్లుడిగారు పదిమందిలో నా కారు ఎంతిస్తోందని అడిగారు. ట్యాంకు లెక్కలన్నీ రాసుకున్న పుస్తకం జేబులోనే ఉంది. అయినా నోటి వెంట తమ పేరే వచ్చింది. ఆయన నమ్మలేదు. తన 22ను 23 చేసుకుని భోజనాలకు లేచారు.

ఇట్లు,
తమ విధేయుడు,
16.4