మసాచ్చో ఆదాము

పునరుజ్జీవన చిత్రకళలో సహజత్వం లియొనార్డో చేసిన శరీర పరిశీలనతోనే మొదలైందని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను; ఆ వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. లియొనార్డో 1452లో పుట్టాడు. అంతకు పాతికేళ్ల ముందే ఫ్లోరెన్స్‌లోని బ్రాంకాచ్చి ప్రార్థనా మందిరం గోడ మీద మసాచ్చో అనే చిత్రకారుడు ఆ దారి వేశాడు. ఆ గోడ చిత్రంలో, బైబిలు చెప్పే ఏదెను తోట నుంచి వెలివేతకు గురైన ఆదాము రెండు చేతులతో ముఖం కప్పుకొని నడుస్తుంటే, వెక్కిళ్లకు అతని పొట్ట లోపలికి లాక్కుపోయి కనిపిస్తుంది; పక్కనే హవ్వ తల పైకెత్తి, నోరు తెరిచి, గొంతెత్తి ఏడుస్తుంది. ఇంతకన్నా నన్ను కదిలించేది ఆ వెలుగు. మందిరానికి నిజంగా ఉన్న కిటికీ వైపు నుంచే అది వాళ్ల ఒంటి మీద పడుతున్నట్టు చిత్రించడం వల్ల, నేలను గట్టిగా తొక్కుతున్న ఆ పాదాలకు నిజమైన బరువు వచ్చింది. 1428లో మరణించేనాటికి మసాచ్చోకు ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు.