మహారాజశ్రీ లైవ్ కిట్టు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లైవ్ కిట్టు గారి, అనగా ఫోనుతో లైవ్ ప్రసారం చేయించే సామగ్రి సమస్తం వారి, దివ్య సముఖానికి, బెంగళూరు మారతహళ్ళి నుంచి పెళ్ళిళ్ళకు లైవ్ ఇచ్చుకుని బతికే ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరు ప్లగ్గులో క్షేమంగా ఉన్నారనీ, ఎర్రలైటు పచ్చబడగానే తెలియజేస్తారనీ తలుస్తాను.

ముందుగా తమ వంశాభివృద్ధికి అభినందనలు. 2020లో పెళ్ళికి 50 మందికి మించి రాకూడదని ప్రభుత్వం అన్నప్పుడు, మిగతా చుట్టపక్కాలందరినీ ఫోన్లో కూర్చోబెట్టే భారం తమ మీద పడింది. కరోనా పోయింది. చుట్టాలు తిరిగొచ్చారు, బంతి భోజనాల్లో మళ్ళీ తినేవాడి కుర్చీ వెనకాలే కాచుకుని నిలబడుతున్నారు. తమరు మాత్రం పోలేదు. ఎస్పీ రోడ్డులో రెసిస్టర్లూ కెపాసిటర్లూ అమ్మిన సందుల్లోనే ఇప్పుడు తమ బంధువర్గమంతా అద్దాల వెనక కొలువుతీరింది. చిక్కపేటలో చీరలమ్మే అక్కలు, దేవనహళ్ళిలో ప్లాట్లు చూపించే తమ్ముళ్ళు, దోసెల బండి ముందు నిలబడి లోకానికి కబుర్లు చెప్పే కుర్రాళ్ళు, అందరి భుజాల మీదా తమరే. తమ మార్కెట్ ఎంత పెరగబోతోందో లెక్కకట్టి, ఆ లెక్కని డాలర్లలో అమ్ముకునేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి మాత్రం నెట్‌వర్క్‌తో పని లేదు.

ఇంత అభివృద్ధి ఎలా జరిగిందా అని గమనిస్తే ఒక సంగతి తెలిసొచ్చింది. తమ కుటుంబంలో ప్రతి సభ్యుడూ ఇంకొకడు చేసిన పాడుకి పరిహారంగా పుట్టినవాడే. ఫోను చేతిలో వణుకుతోందని గింబల్ అనే వణకని పిడి. గింబల్ మీద పెడితే మాట్లాడేవాడి నోరు దూరమైందని కాలర్ మైకు. మైకులో గాలి హోరెత్తుతోందని దాని నెత్తిన బొచ్చు టోపీ. వీళ్ళందరూ తాగే కరెంటుకి పవర్‌బ్యాంకు. ఛార్జింగ్ పెట్టి వాడుతుంటే ఫోను పెనంలా కాలుతోందని వీపుకి అతికించే ఫ్యాను. ఫ్యాను తాగే కరెంటుకి రెండో పవర్‌బ్యాంకు. ఇవన్నీ మోయడానికి బ్యాగు, బ్యాగుని మోయడానికి మా బావమరిది. ఈ వరసలో జీతం అడిగేది వాడొక్కడే కాబట్టి మార్కెట్ లెక్కల్లో వాడు కనిపించడు.

పవర్‌బ్యాంకు గారి గురించి ఒక మాట. ఒంటి మీద 20,000 ఎంఏహెచ్ అని, అంటే కడుపులో నిలవుండే కరెంటు కొలత, రాసుకుంటారు. అది లోపలి సెల్లు 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క. బయటికి 5 వోల్టులుగా వచ్చేసరికి కాగితం మీదే 14,800 అవుతుంది, ఆ మార్పిడిలో వేడిగా పోయేది పోగా ఇంకా తగ్గుతుంది. ఐదు వేలకు పైగా ఎక్కడికి పోయిందన్నా అని ఎస్పీ రోడ్డులో అడిగితే "అది ఫిజిక్సు సార్" అన్నాడు కొట్టు కుర్రాడు. మరి డబ్బులు తీసుకునేటప్పుడు ఆ ఫిజిక్సు ఎందుకు వర్తించలేదో వాడు చెప్పలేదు.

తమరు ఎంత కొనిపించినా కొనిపించలేనిది ఒకటుంది, ప్రభూ. పైకెళ్ళే దారి.

2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలయ్యాక ఊరంతా డౌన్‌లోడ్ వేగం చూసి మురిసిపోయింది. తమకి కావలసింది అప్‌లోడ్. 5జీ ఎక్కువగా నడిచే 3.3 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండులో రాకకీ పోకకీ ఒకే దారి, వంతులవారీగా. ఆ వంతుల్లో సింహభాగం ఫోనులోకి దిగేదానికే ఇస్తారు, ఎందుకంటే జనంలో ఎక్కువమంది చూసేవాళ్ళే గాని చూపించేవాళ్ళు కారు. 5జీ అందని చోట సంగతి మరీ ముచ్చట. మంచి హెచ్‌డీ లైవ్‌కి సెకనుకి 6 మెగాబిట్లు పోతే, రోజువారీ 2 జీబీ ప్యాకు ముప్పావుగంటలో ఖాళీ. ఆ తర్వాత సెకనుకి 64 కిలోబిట్లు ప్రసాదిస్తారు. ఆ వేగంలో పెళ్ళికొడుకు సంగతలా ఉంచండి, అతని బాసికం కూడా దాటదు.

దీనికీ తమ దగ్గర పరిహారం లేకపోలేదు. బాండింగ్. నాలుగు కంపెనీల సిమ్ములు ఒకే డబ్బాలో పెడితే, వీడియోని ముక్కలు చేసి తలా ఒకటి పంపుతాయి, ఎక్కడో ఉన్న సర్వరు వాటిని మళ్ళీ అతుకుతుంది. సర్వరుకి నెలవారీ చందా. కార్తీకంలో ఆఖరి సోమవారం బసవనగుడి కడలెకాయి పరిషెకి, అదే వేరుశనక్కాయల తిరణాలకి, ఈ డబ్బాని వీపున వేసుకుని వెళ్ళాను. ఆంధ్ర నుంచీ తమిళనాడు నుంచీ కూడా రైతులు వేరుశనక్కాయలు తెచ్చి రోడ్డుకి రెండువైపులా కుప్పలు పోస్తారు, ఇసకేస్తే రాలనంత జనం. ఆ జనంలో ప్రతి జేబులోనూ ఒక ఫోను, ప్రతి ఫోనూ అవే టవర్ల మీద. నాలుగు సిమ్ములూ ఒకేసారి చతికిలబడ్డాయి. నలుగురూ కలిసి మోసేది దేన్నో తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు గదా.

ఒకరి పేరున 9 సిమ్ములకి మించి ఉండకూడదని నిబంధన. 2023 టెలికాం చట్టం ప్రకారం మీరితే మొదటిసారికే 50,000 రూపాయల దాకా జరిమానా. అందుకని తమ సేవలో ఇప్పుడు మా ఇంటిల్లిపాదీ ఉంది. మా అత్తగారి సిమ్ కూడా తమ గర్భంలోనే.

ఎగిరే తమ్ముడి ఊసు క్లుప్తంగా. తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే ఆపేశారు. పైగా మా మారతహళ్ళి పక్కనే హెచ్ఏఎల్ విమానాశ్రయం రన్‌వే. అయినా బేరమాడేటప్పుడు పెళ్ళివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే: "డ్రోన్ ఫ్రీయే గదా?"

ఇన్ని దాటుకుని బొమ్మ వెళ్ళినా అర నిమిషం ఆలస్యంగా వెళ్తుంది. డాలస్‌లో పెద్దనాన్నగారు టీవీ ముందు కూర్చుని ఉంటారు. ఆయన తెర మీద ఇంకా తెరసెల్లా అడ్డుగానే ఉంటుంది. ఈలోపు మండపంలోంచి పిన్నిగారు వాట్సాప్ కాల్ చేసి "జీలకర్ర బెల్లం పెట్టేశారు బావగారూ, చూశారా" అంటుంది. ఆయన నాకు ఫోను చేసి "ఏం బాబూ, మాకు రికార్డింగు వేస్తున్నావా?" అంటారు. ముఖాన్ని పట్టుకుని వెంట తిరిగే తమ ఫేస్ ట్రాకింగ్ అప్పటికి పెళ్ళికూతుర్ని వదిలేసి ఐస్‌క్రీమ్ పట్టుకున్న పిల్లాడి వెంట పోతూ ఉంటుంది.

తమ పాత అవతారాలన్నీ సెకండ్‌హ్యాండ్ ప్రకటనల్లో తేలుతున్నాయి, "ఒక్క ఫంక్షన్‌కే వాడినది" అన్న బిరుదుతో. ఆ ఒక్క ఫంక్షన్‌లో ఏం జరిగిందో ఎవరూ రాయరు.

ఇక అసలు సంగతి. వచ్చే మాఘంలో కనకపుర రోడ్డులో ఒక లాన్‌లో పెళ్ళి ఒప్పుకున్నాను. అమ్మాయివాళ్ళది మదనపల్లె, అబ్బాయివాళ్ళది హిందూపురం. ముహూర్తం తెల్లవారుజామున 4:32, డాలస్‌లో ముందురోజు సాయంత్రం ఐదు. వంటశాల వెనక ఆఫీసులో వైరు బ్రాడ్‌బ్యాండు ఉందని లాన్ మేనేజరు చెప్పాడు. అక్కణ్ణుంచి మండపం దాకా నెట్ కేబులు లాగిస్తున్నాను. వంద మీటర్లు దాటితే దాన్ని నమ్మలేమని టేపు పెట్టి కొలిపించాను కూడా, ఎనభై లోపే. తమరు ఆ తీగ చివర కూర్చుంటే చాలు. ఫ్యాను, సిమ్ములు, సర్వరు చందా ఇంట్లోనే విశ్రాంతి తీసుకుంటాయి. బొచ్చు టోపీ మాత్రం తెచ్చుకోండి, అక్కడ గాలి ఎక్కువ.

ఇట్లు,
తమ ఈఎంఐలు కట్టుకునే విధేయుడు

తా.క.: మా అత్తగారు తన సిమ్ వెంటనే ఇచ్చెయ్యమంటున్నారు. గ్యాస్ సిలిండరు ఓటీపీ తమ బ్యాగులోకి వస్తోందట.